ఎదిగే వీపుకు ఆఖరి జీను అక్కర్లేదు

నాలుగేళ్ల పోనీకి, అంటే పొట్టి జాతి గుర్రానికి, జీను కొనబోయేవాళ్లు మొదట చూసేది తోలు. వేలితో నిమురుతారు, వాసన చూస్తారు, కుట్టు ఎంత సన్నగా ఉందో పక్కవాళ్లకు చూపిస్తారు. తర్వాత ధర చూస్తారు. ఆ తర్వాత ఎక్కి కూర్చుని తమ సుఖం చూసుకుంటారు. పోనీ వీపు సంగతి అన్నిటికన్నా చివర్న వస్తుంది. అది కూడా ‘వెడల్పు సైజు’ అన్న ఒక్క మాటతో తేలిపోతుంది. ఇంత జరిగాక బిల్లు కట్టేటప్పుడు తమకు తాము చెప్పుకునే ధైర్యం ఒకటుంది: ఒక్కసారి మంచిది కొనేస్తే ఇక జన్మలో చూసుకోనక్కర్లేదు అని.

ఆ మాట దగ్గరే నాకు పేచీ. ఎదిగే పోనీకి జన్మంతా సరిపోయే జీను ఉండదు. ఎంత డబ్బు పోసినా ఉండదు. చేతిలో ఉన్న మొత్తంలో సగం జీనుకు పెట్టండి, మిగతా సగాన్ని ఆ జీనును పదే పదే సరిచేసే మనిషి కోసం అట్టే పెట్టండి. మా యార్డులో, అంటే మా పోనీలుండే గుర్రపుశాలలో, ఈ మాట అన్నప్పుడల్లా నన్ను పిసినారి కింద జమకడుతున్నారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

నేను మాట్లాడుతున్నది బ్రిటన్, ఐర్లండ్ కొండల్లోనూ బీళ్లలోనూ పుట్టి పెరిగిన దేశవాళీ పోనీల గురించి. ఎక్స్‌మూర్, డార్ట్‌మూర్, న్యూ ఫారెస్ట్, వెల్ష్, ఫెల్, డేల్స్, హైలాండ్, షెట్లాండ్, కొనెమారా, ఎరిస్కే. వీటిలో షెట్లాండ్ 42 అంగుళాలకు మించదు. ఫెల్ 14 హ్యాండ్ల దగ్గర ఆగుతుంది. హ్యాండ్ అంటే నాలుగు అంగుళాలు. హైలాండ్, న్యూ ఫారెస్ట్, కొనెమారా 148 సెంటీమీటర్ల దాకా వస్తాయి. ఎత్తు తక్కువే కానీ మోసే సత్తా తక్కువ కాదు. డేల్స్ పోనీలు గనుల నుంచి సీసపు ఖనిజాన్ని మోశాయి. హైలాండ్ పోనీలు వేటాడిన దుప్పులను స్కాట్లండ్ కొండల మీంచి దించాయి, కొన్ని ఎస్టేట్లలో ఇప్పటికీ దించుతున్నాయి. 1842 చట్టం ఆడవాళ్లనూ చిన్న పిల్లలనూ బొగ్గు గనుల్లోపలి పనినుంచి తప్పించాక ఆ చీకట్లోకి దిగినవాటిలో షెట్లాండ్ పోనీలు ఉన్నాయి.

ఇన్ని తరాలుగా బరువులు మోసి, సన్నపు గడ్డితో చలికాలాలు గడిపిన ఒంటికి ఒక తీరు వచ్చింది. మూపు ఎత్తుగా పొడుచుకు రాదు, వీపులో కలిసిపోయి ఉంటుంది. వీపు పొట్టిగా, వెడల్పుగా, ముందునుంచి వెనక దాకా దాదాపు చదునుగా ఉంటుంది. పక్కటెముకలు గుండ్రంగా బయటికి తిరిగి ఉంటాయి. భుజాలు బరువుగా ఉంటాయి. కడుపు పట్టీ సహజంగా వచ్చి కుదురుకునే చోటు మోచేతికి బాగా దగ్గరగా, ముందుకు ఉంటుంది. అన్నిటికీ ఇవన్నీ ఒకే మోతాదులో ఉంటాయని కాదు. నిగనిగలాడే వెల్ష్ ఎ రకం పోనీ వీపును, డేల్స్ పోనీ వీపును పక్కపక్కన చూస్తే ఒకే జాతి జంతువులని నమ్మబుద్ధి కాదు. అయినా మొత్తం మీద ధోరణి ఇదే. దుకాణంలో వరసగా పెట్టిన జీనుల్లో చాలావాటికి ఈ వీపు అంటే గిట్టదు. అవి ఎత్తు మూపు, సన్నటి పక్కలు, కాస్త లోపలికి వంగిన వీపు ఉన్న గుర్రాలకు నప్పుతాయి. వాటినే ఇంకొంచెం వెడల్పు చేసి ‘పోనీలకు కూడా’ అని అమ్మేస్తారు.

మా ఫెల్ పోనీ నల్లటిది. పేరు మబ్బు. మూడున్నరేళ్ల వయసులో మా ఇంటికొచ్చింది. మా అమ్మాయీ నేనూ ఇద్దరం ఎక్కుతాం. జీను విషయంలో సగం తలనొప్పి అక్కడే ఉంది. ఆ సంగతి తర్వాత.

జీనులో వీపుకు సంబంధించిన భాగం బయటికి కనిపించదు. తోలు కింద, సీటు కింద ఒక చట్రం ఉంటుంది. దాన్ని ట్రీ అంటారు. పాత పద్ధతిలో అయితే పలచటి బీచి చెక్క పొరలను జిగురుతో అంటించి, అచ్చులో వంచి, ఉక్కుతో బలపరిచి చేస్తారు. ఇప్పుడు ప్లాస్టిక్ తరహా పదార్థాలతో పోతపోసిన చట్రాలు కూడా బోలెడు. ముందు భాగంలో మూపు మీదుగా వంగే వంపు ఉంటుంది. ఆ వంపు రెండు కొసలు భుజాల వెనక కిందికి దిగుతాయి. అక్కడి నుంచి వెనక్కి వెన్నెముకకు అటూ ఇటూ రెండు పట్టాలు సాగి, వెనక గట్టు దగ్గర కలుస్తాయి. జనం ‘వెడల్పు సైజు’ అనేది ఆ ముందు వంపు గురించే. కొంటే అదొక్కటే కొలిచి కొంటారు. కానీ వీపు మీద కూర్చునేది ముందు వంపు ఒక్కటే కాదు కదా!

ఆ రెండు పట్టాలు ముందునుంచి వెనక్కి ఎంత వంగి ఉన్నాయన్నదే దేశవాళీ పోనీ విషయంలో ఎక్కువ కొంప ముంచుతుంది. చదును వీపు మీద వంపు పట్టాలున్న చట్రం పెడితే నడుమ ఆనుతుంది, ముందూ వెనకా గాల్లో లేస్తుంది. పోనీ ట్రాట్ (దుడుకు నడక) మొదలుపెట్టగానే జీను ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దీనికి తిరగేసిన కేసు, లోపలికి వంగిన వీపు మీద చదును చట్రం. అప్పుడు ముందూ వెనకా మాత్రమే ఆని, నడుమ ఖాళీ వస్తుంది, బరువంతా నాలుగు చోట్లే పడుతుంది. వంపు తేడాను వెడల్పు మార్చి సరిచేయలేం. జీను అడుగు మెత్తలో ఉన్ని కూరి కొంతమేర సర్దొచ్చు, ఎక్కువ తేడాను సర్దలేం. ముందు వంపు ఆకారం కూడా అంతే. తలకిందులైన ఇంగ్లిషు V అక్షరం లాంటి వంపును ఎంత విప్పినా V గానే ఉంటుంది. గుండ్రటి మూపుకు కావలసింది తిరగేసిన U లాంటి వంపు. ‘ఎక్స్‌ట్రా వైడ్’ అని ముద్ర ఉన్నా మబ్బు మీద పెడితే రెండు కొసలూ పక్కల్లోకి గుచ్చుకున్న జీనును నేనే చూశాను. అన్నట్టు, ఆ ముద్రలకు అందరూ ఒప్పుకున్న ఒక కొలత అంటూ లేదు. ఒక తయారీదారు ‘వైడ్’ ఇంకొకరి ‘మీడియం’ కావచ్చు.

ఇక్కడే ఒక పెద్ద అభ్యంతరం వస్తుంది. ముందు వంపులోని ఇనుప ప్లేటును విప్పి, వేరే వెడల్పు ప్లేటు బిగించుకునే జీనులు ఉన్నాయి కదా, ఎదిగే పోనీకి అదొకటి కొంటే సరిపోదా? విన్‌టెక్, థరోగుడ్, కెంట్ అండ్ మాస్టర్స్ లాంటి జీను కంపెనీల పేర్లు మా యార్డులో అందరి నోటా ఉన్నాయి. వాటిమీద నాకు కోపం లేదు, సరికదా ఇష్టమే. మూపు తక్కువగా ఉన్న వీపులకోసం ప్రత్యేకంగా చదును చట్రంతో చేసినవి కూడా వాటిలో ఉన్నాయి. ఎదిగే వయసుకు అవి చాలా ఉపయోగం. కానీ ప్లేటు మార్చడంతో పని అయిపోతుందనుకుంటేనే ముప్పు. ప్లేటు మార్చేది ముందు వెడల్పును. పట్టాల వంపును కాదు, పొడవును కాదు, వెనక భాగం ఆనే కోణాన్ని కాదు.

ఇది నాకు పుస్తకంతో అర్థం కాలేదు. ఒక అట్టముక్కతో అర్థమైంది. జీనును వీపుకు సరిచూసి సర్దే మా ఫిట్టర్ వచ్చినప్పుడల్లా వంచితే వంగి అలాగే నిలిచే ప్లాస్టిక్ కొలబద్దను మబ్బు వీపు మీద వేసి అదుముతుంది. భుజపు ఎముక వెనక అంచును వేళ్లతో వెతికి పట్టుకుని, దానికి కొంచెం వెనకగా మొదటి కొలత. అక్కడినుంచి కాస్త వెనక్కి రెండోది. చివరి పక్కటెముక దగ్గర మూడోది. తర్వాత వెన్ను పొడవునా ఇంకొకటి. ఆ వంపులన్నీ అట్ట మీద గీస్తుంది. కొత్త అట్ట తీయదు. పాత గీతల మీదే వేరే రంగు పెన్నుతో గీసి, పక్కన తేదీ వేస్తుంది. ఏప్రిల్ గీత నీలం, జూలై గీత ఎరుపు, అక్టోబరు గీత ఆకుపచ్చ. జూలైలో ఎర్ర గీత నీలం గీత కన్నా అన్నివైపులా బయటికి పోయింది. పచ్చిక మేసి పెరిగిన కొవ్వు అది. అక్టోబరు గీతే నన్ను ఆపింది. కింద పక్కల దగ్గర అది లోపలికి వచ్చి నీలం గీతతో కలిసిపోయింది. పైన, వెన్నుకు రెండు పక్కలా మాత్రం ఎరుపును కూడా దాటి పైకి లేచింది. పని చేసి పెరిగిన కండ అక్కడ చేరింది. అంటే మబ్బు వెడల్పు కాలేదు, సన్నబడలేదు. ఆకారమే మారింది. ఆ మార్పుకు ఏ ప్లేటూ జవాబు కాదు. ప్యానెల్ (చట్రం కింద వీపుకు ఆనే మెత్త) అడుగున ఎక్కడ ఉన్ని తీయాలో, ఎక్కడ కూరాలో తెలిసిన చెయ్యి కావాలి.

మూడున్నరేళ్లకో నాలుగేళ్లకో మనిషిని ఎక్కించుకోవడం నేర్పుతాం. ఆ వయసుకు పోనీ చూడటానికి పెద్దదిగానే ఉంటుంది. కానీ వెన్నెముకలోని ఎముకలు పూర్తిగా ముదరడానికి అయిదారేళ్లు పడుతుంది. దేశవాళీలు నెమ్మదిగా ఎదుగుతాయని వాటిని పెంచేవాళ్లు తరతరాలుగా చెబుతూనే ఉన్నారు. ఒక్కోసారి వెనక భాగం ఎత్తుగా, మూపు కిందికి ఉంటుంది, కొన్ని నెలలకు అది సర్దుకుంటుంది. ఆ నెలల్లో జీను ముందుకు జారుతూనే ఉంటుంది. దానికి జీనును తిట్టి లాభం లేదు. అలాంటి నెలల్లో నేను మబ్బును నడిపించుకుంటూ తిప్పానే కానీ ఎక్కలేదు. అదీ ఒక రకంగా జీను ఎంపికే.

పచ్చిక గురించి కూడా ఒక మాట. ఏప్రిల్ చివర్లో గడ్డి మొదలవగానే దేశవాళీ పోనీలు కళ్లముందే లావెక్కుతాయి. బీళ్ల మీది పీచుగడ్డితో నెట్టుకొచ్చే ఒంటికి తీపి పచ్చిక విందు. ఆ విందు లామినైటిస్ అనే గిట్టల జబ్బుకు దారి. జీను జూలైలో బిగుతైందంటే మొదట పిలవాల్సింది ఫిట్టర్‌ను కాదు, మేతను చూసుకోవాలి. లావెక్కిన వీపుకు వెడల్పు జీను కొనడం జబ్బుకు చాప వేసినట్టే.

ఇప్పుడు పొడవు. నా దృష్టిలో దేశవాళీ పోనీ ఎక్కే పెద్దవాళ్లు ఎక్కువగా మొహం చాటేసే విషయం ఇది. గుర్రానికి పద్దెనిమిది జతల పక్కటెముకలు. చివరిదాన్ని పక్కన వేలితో పట్టుకుని, అది పోయే దారినే పైకి వెన్ను దాకా వెళ్లండి. జీను బరువు మోపే హద్దు అక్కడితో సరి. ఆ వెనక ఉన్నది నడుము. దాని కింద పక్కటెముకల ఆసరా లేదు. ఇటు ముందు హద్దు భుజపు ఎముక వెనక అంచు. ముందు కాలు సాగినప్పుడు ఆ ఎముక పైకొస వెనక్కి తిరుగుతుంది. దానికి చోటు వదలాలి. ఈ రెండు హద్దుల నడుమ దూరం థరోబ్రెడ్ అనే పందెపు జాతి గుర్రం మీద ధారాళంగా ఉంటుంది. ఫెల్ మీదో ఎక్స్‌మూర్ మీదో టేపు పెట్టి చూస్తే గుండె గుభేలుమంటుంది. నాకు హాయిగా ఉండే సీటు పదిహేడున్నర అంగుళాలు. మబ్బు వీపు దానికి ఒప్పుకోదు. మా అమ్మాయి సీటు ఒప్పుకుంటుంది.

“అమ్మా, నీకు సరిపోయేది కొందాం, నేను అందులో సర్దుకుంటాను” అంది మా అమ్మాయి. మర్యాదకు అన్న మాటే, కానీ లెక్క తప్పు. సర్దుకోవాల్సింది మేమిద్దరం. మబ్బు కాదు. కాబట్టి పదిహేడు అంగుళాల సీటు, ప్యానెల్ వెనక్కి సాగకుండా నిటారుగా ముగిసేది, ఫ్లాపు (కాలి కింద వేలాడే తోలు రేకు) నా మోకాలికి కాస్త ఇరుకైనా సరే, అదే తీసుకున్నాం. పోనీ బలమైనదే, నన్ను మోయగలదు. ఆ బలం ఆ కాస్త జాగాలోనే ఉంది. జీను ఆ హద్దు దాటితే బలం మాట ఎత్తకూడదు. పెద్దవాళ్ల బరువు గురించి ఎంతైనా వాదించుకుంటారు కానీ ఆ బరువు ఎక్కడ పడుతోందో అడిగేవాళ్లు తక్కువ.

సరే, నాణ్యత. తోలు మంచిదా, సింథటిక్ మంచిదా అని అడిగితే నాకు రెండూ ఒకటే. సింథటిక్ తేలిక, వానలో తడిసినా తుడిచి పారేయొచ్చు, ధర తక్కువ. మంచి తోలు జీను పాతికేళ్లు ఉంటుంది, పాతబడినా ధర పలుకుతుంది. చిన్న వయసు పోనీ విషయంలో నేను నాణ్యత అనేది మూడింటిని: చట్రం నిక్కచ్చిగా రెండు పక్కలా సమంగా ఉండాలి, ప్యానెల్లో ఉన్ని ఉండాలి, దాన్ని తీసి పెట్టే వీలుండాలి, వెన్నెముక మీదుగా పోయే కాలువ ముందునుంచి వెనక దాకా తగినంత వెడల్పుగా ఉండాలి, వెనక్కి పోయేకొద్దీ ఇరుకు కాకూడదు. ఫోము నింపిన ప్యానెళ్లు మెత్తగా, సమంగా ఉంటాయి. కానీ అచ్చులో పోసిన ఆకారాన్ని మార్చడం కష్టం. స్థిరపడిన వీపుకు అవి బాగుండొచ్చు. మారుతున్న వీపుకు ఉన్నే మేలు. ఉన్నికీ ఒక గుణముంది. కొత్తలో అది అణిగిపోతుంది, అందుకే కొన్న కొద్ది నెలలకే మళ్లీ చూపించాలి. జీను ‘చెడిపోయింద’ని అప్పుడు కంగారు పడేవాళ్లను చూశాను. చెడిపోలేదు, కుదురుకుంది.

ఈ లెక్కన పాత జీను కొనడం నామర్దా కాదు. కొత్త తోలు జీను వెయ్యి పౌండ్లు దాటడం మామూలే. కొలతలు తీసి ప్రత్యేకంగా కుట్టించుకుంటే మూడు వేలు కూడా అవుతుంది. ఆ కొలతలు నాలుగేళ్ల వీపువి. ఆరేళ్ల వీపు వచ్చాక వాటిని ఏం చేసుకుంటాం? మంచి చేతిలో తయారైన పాత జీను అందులో చిన్న వంతుకే దొరుకుతుంది. ఇంగ్లండులో జీనుల ఊరు వాల్‌సాల్. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు ముద్దుపేరు కూడా జీను చేసేవాళ్లే. అక్కడ తయారైన పాత జీను ఒకటి చేతికొస్తే, దాని వయసు చూసి మొహం తిప్పుకోకండి.

అయితే కళ్లు మూసుకుని కొనమని కాదు. పైన పటారం, లోన లొటారం అన్న మాట పాత జీనులకోసమే పుట్టిందా అనిపిస్తుంది. నూనె పట్టించి మెరిపించిన తోలు కింద విరిగిన చట్రం ఉండొచ్చు. ముందు భాగాన్ని తొడకు ఆనించి, వెనక గట్టును రెండు చేతులతో మన వైపు లాగండి. స్ప్రింగు చట్రం అయితే కొంచెం ఇచ్చి, వదలగానే వెనక్కి వస్తుంది. కిర్రుమందా, సీటు నడుమ తోలు అడ్డంగా ముడత పడి అలాగే ఉండిపోయిందా, ఒక పక్క ఎక్కువ వంగిందా, అక్కడే పెట్టేయండి. తర్వాత ముందు వంపు రెండు కొసలనూ లోపలికి నొక్కండి, బయటికి లాగండి. అక్కడ కదలిక అస్సలు ఉండకూడదు. జీనును తిరగేసి, వెనకనుంచి ఒక కన్ను మూసుకుని కాలువ వెంట చూడండి. వంకర అప్పుడే బయటపడుతుంది. ప్యానెళ్ల మీద అరచేతితో గట్టిగా రాస్తూ గడ్డలు వెతకండి. కడుపు పట్టీ బిగించే పట్టాల దగ్గర కుట్టు చూడండి, రంధ్రాలు సాగాయేమో చూడండి. పట్టా మార్చడం చిన్న పని. చట్రం విరిగితే మాత్రం జీను చచ్చినట్టే లెక్క.

కడుపు పట్టీ బిగించే పట్టాల మాట వచ్చింది కాబట్టి: మామూలుగా ఒక్కో పక్క మూడు ఉంటాయి. మొదటిది వేరే నవారుకు కుట్టి ఉంటుంది, మిగతా రెండూ ఒకే నవారుకు. రెండు, మూడు కలిపి బిగిస్తే ఆ ఒక్క నవారు తెగినప్పుడు మొత్తం ఊడివస్తుంది. మొదటిదాన్ని ఎప్పుడూ వదలకూడదు. ఈ సంగతి ఏళ్ల తరబడి గుర్రాలెక్కేవాళ్లలో కూడా కొందరికి తెలియదు.

దేశవాళీ పోనీ మీద జీను ముందుకు జారడానికి కారణం చాలావరకు ఈ పట్టాల దగ్గరే దొరుకుతుంది. కడుపు పట్టీ తనకు సహజమైన చోటుకే పోతుంది. ఆ చోటు ముందుకు ఉంది, జీను పట్టాలు వెనక వేలాడుతున్నాయి. పట్టీ ముందుకు పోతూ జీనును కూడా వెంట లాగుతుంది, పట్టాలు నిటారు అయ్యేదాకా. అప్పటికి జీను భుజాల మీదికి ఎక్కేస్తుంది. దీనికి జనం చేసే వైద్యం, ఇంకో రంధ్రం బిగించడం. గుండ్రటి పోనీని ఎంత బిగించినా జారేది జారుతుంది, ఊపిరి మాత్రం బిగుసుకుంటుంది. చట్రం ముందు కొస కిందనుంచి వచ్చే అదనపు పట్టా ఉన్న జీను తీసుకోవడం ఒక దారి. నడుమ ముందుకు వంగిన కడుపు పట్టీ ఇంకో దారి. అది ముందు పోయి కూర్చున్నా కొసలు వెనక పట్టాలకు నిటారుగా అందుతాయి. తోక కింద నుంచి వెళ్లే పట్టీని కొందరు అవమానంగా భావిస్తారు. కొండ దిగే పోనీకి అది సిగ్గుపడాల్సిన వస్తువు కాదు. అయితే జీను సరిపోయాక మిగిలిన జారుడుకే అది. సరిపోని జీనును కట్టిపడేయడానికి కాదు.

జీను కింద మందపాటి మెత్తలు వేసే అలవాటు మీద నాకు మరీ చిరాకు. ఇరుకు బూట్లలో రెండు జతల మేజోళ్లు తొడిగినట్టు, ఇరుకు జీను కింద మెత్త వేస్తే ఇరుకు పెరుగుతుంది. వెడల్పు జీనును పోనీ కండ పట్టేదాకా మెత్తతో నెట్టుకురావడం వేరు, అది తెలిసి, కొలిచి చేసే పని. చట్రం లేని జీనుల వాళ్లతోనూ నాకు వాదన ఉంది. అవి ఏ వీపుకైనా సర్దుకుంటాయంటారు. ఆకారానికి సర్దుకుంటాయి, నిజమే. కానీ గుండ్రటి వీపు మీద పక్కకు తిరగకుండా ఉండాలంటే మళ్లీ బిగించాల్సిందే, పైగా రికాబు బరువు ఒకేచోట దిగే ప్రమాదం ఉంది. కొందరికి కుదిరాయి. నాకు కుదరలేదు.

ఇక ఆ సరిచేసే చెయ్యి ఎవరిది? బ్రిటన్‌లో జీను ఫిట్టర్‌నని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, ఆ పేరుకు చట్టపరమైన కాపలా లేదు. అందుకని 1966లో ఏర్పడిన సొసైటీ ఆఫ్ మాస్టర్ సాడ్లర్స్ జాబితాలో అర్హత పొందినవాళ్లను వెతుక్కోవడం మంచి మొదలు. అక్కడితో ఆగకండి. వ్యాను నిండా కొత్త జీనులు వేసుకొచ్చే ఫిట్టర్‌కు మీ పాత జీనులో లోపాలు కనిపించడం సహజం. మబ్బు మీద పెట్టిన ఒక జీనును చూసి, ‘ఇలాంటి పొట్టి వీపులకు ఏదీ పూర్తిగా సరిపోదు, ఇది చాలు’ అన్న ఫిట్టర్ కూడా మాకు తగిలారు. జీను వెనక కొస అప్పుడు చివరి పక్కటెముకను దాటి ఉంది. దండం పెట్టి పంపేశాం. ఇప్పుడు వచ్చే ఆవిడ మొదటిరోజే రెండు పనులు చేసింది. మబ్బును జీను లేకుండా నడిపించి చూసింది. జీను పెట్టాక మా అమ్మాయిని ఎక్కించి, ఆ తర్వాత నన్ను ఎక్కించి, ఇద్దరికీ వేరువేరుగా ముందు వంపు కింద వేళ్లు పెట్టి చూసింది. మనిషి ఎక్కకుండా జీను చూసి వెళ్లిపోయేవాళ్లకు డబ్బు ఇవ్వకండి. మనిషి కూర్చుంటే జీను దిగుతుంది, పోనీ కదిలితే వీపు లేస్తుంది. నిలబడ్డ పోనీ మీద సరిపోయింది అన్నది సగం సమాచారమే. “జీను బాగానే ఉంది. కానీ అక్టోబరులో నన్ను పిలవండి” అని వెళ్లింది ఆవిడ. అమ్మకానికి వచ్చినవాళ్లు ఆ మాట అనరు.

ఫిట్టర్ వచ్చేదాకా మన కళ్లూ పని చేయాలి. దిగాక జీను తీసి చెమట చూడండి. చుట్టూ తడిసి నడుమ ఒక పొడి మచ్చ మిగిలిందంటే అక్కడ ఒత్తిడి ఉందేమోనని అనుమానించాలి. మూపు వెనక తెల్ల వెంట్రుకలు మొలిచాయంటే ఆలస్యం అయిందని. జీను కనిపించగానే చెవులు వెనక్కి పెట్టడం, కడుపు పట్టీ బిగిస్తుంటే తల తిప్పడం, దిగుడులో అడుగు పొట్టిగా పడటం, ఎప్పుడూ ఎత్తుకునే కాంటర్ పరుగును వద్దనడం, వీటికి ‘మొండిది’ అని పేరు పెట్టేముందు జీను తీసి వీపు తడమండి. జీను ఎప్పుడూ ఒకే పక్కకు జారుతోందంటే మాత్రం ఇంకో మెట్టు పైకి ఆలోచించాలి. 2013లో ఇంగ్లండు పరిశోధకులు ప్రచురించిన పనిలో, వెనక కాలి కుంటి ఉన్న గుర్రాల్లో చాలావాటికి జీను ఒక పక్కకు జారింది. కాలి నొప్పిని మందుతో మొద్దుబారిస్తే జారుడు ఆగింది. అంటే కొన్నిసార్లు ఫిట్టర్ కాదు, పశువైద్యుడు రావాలి.

ఇంతకీ ఖర్చు మాట. ఒక్కో రాకకు ఇచ్చేది, ఉన్ని సర్దినందుకు ఇచ్చేది కలిపి ఏడాదికి కాస్త గట్టిగానే అవుతుంది. చిన్న వయసు పోనీ అయితే మూడు నాలుగు నెలలకోసారి చూపించమంటారు. పెద్దదయ్యాక ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు. ‘ఇదంతా కలిపితే కొత్త జీనే వచ్చేది కదా’ అంటారు మా యార్డువాళ్లు. వచ్చేది, నిజమే. ఆ కొత్త జీనుకూ ఇవే రాకలు, ఇదే ఉన్ని కావాలి. ఆ ఖర్చు దాని ధరలో కలిసి లేదు. మూడువేలు పోసినవాళ్లు ‘ఇంత పెట్టాం కదా, ఇంకా చూపించాలా’ అని మానేస్తున్నారు, గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంటున్నారు. తక్కువకు కొన్నవాళ్లకు ఆ గీర ఉండదు. జీను మబ్బు వీపుకు చాలదని ఫిట్టర్ చెప్పిన రోజున మేము దాన్ని కొన్నధరకు దగ్గరగానే అమ్మి, ఇంకొకటి వెతుక్కుంటాం. ప్రస్తుతానికి అది సరిపోతోంది. అట్ట మీద నాలుగో రంగు గీత పడ్డాక మళ్లీ చూద్దాం.